తలలో ప్లాటినం, ఒంట్లో ఆవిర్లు

బ్రెయిన్ హెమరేజ్ వచ్చి బతికి బయటపడ్డ ఆడదానికి ఆ తర్వాత మామూలు జబ్బులు రావడానికి వీల్లేదు. జలుబు చేసినా, నడుం పట్టేసినా, పప్పులో ఉప్పు మర్చిపోయినా ఇంట్లోవాళ్ళు ముందు కళ్ళలోకి చూస్తారు. తర్వాత మూతి వంకర పోయిందేమోనని చూస్తారు. ఆ తర్వాతే ఏమైందని అడుగుతారు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఇదే వరస. అలాంటి ఇంట్లో కూర్చుని నేను "నాకు హార్మోన్ల మందు వాడాలనుంది" అన్నాను. ఇక చూసుకోండి!

అసలు సంగతి మొదటినుంచి చెప్తాను. నా 46వ ఏట, కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున, తల వెనకవైపు ఎవరో రోకలితో మోదినట్టు నొప్పి వచ్చింది. పెరుగుతూ పెరుగుతూ వచ్చిన నొప్పి కాదు, ఒక్కసారిగా, రెప్పపాటులో. "నరం చిట్లింది" అన్నారు అందరూ. మన తెలుగులో ఇదొక చిక్కు. నరమన్నా నరమే, రక్తనాళమన్నా నరమే. నాకు చిట్లింది రక్తనాళం. మెదడు అడుగున ఒక నాళం గోడ ఒకచోట పల్చబడి, పాత సైకిలు ట్యూబు ఉబ్బినట్టు చిన్న బుడగలా ఉబ్బి, అది పగిలింది. ఆ బుడగని ఎన్యూరిజం అంటారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం తలదాకా పంపించి, బుడగలోపల ప్లాటినం తీగని చుట్టలు చుట్టలుగా నింపి మూసేశారు. "మా వదిన నగలన్నీ బీరువాలో పెట్టింది, ఖరీదైనది మాత్రం తలలో దాచింది" అని మా ఆడపడుచు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఐసీయూలో పదకొండు రోజులున్నానట. "అట" అనే అంటున్నాను, ఎందుకంటే నాకు ఒక్క నిమిషం కూడా గుర్తులేదు. తులసికోట దగ్గర దీపం వెలిగించడం గుర్తుంది, ఆ తర్వాత ఎవరో నా నోట్లో స్పూనుతో జావ పోయడం గుర్తుంది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ నాకు, అందులో జరిగినదంతా మావారికీ మా అమ్మాయికీ. వెంటిలేటరు చప్పుడు, సంతకాలు పెట్టించుకున్న కాగితాలు, "ఈ రాత్రి గడిస్తే చూద్దాం" అన్న మాట, అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి. రక్తస్రావం అయ్యాక మెదడులో రక్తనాళాలు బిగుసుకుపోకుండా నిమోడిపిన్ అనే మాత్ర ఇస్తారు. నాలుగు గంటలకోసారి, 21 రోజులు. రాత్రీ పగలూ తేడా లేదు. పదహారో రోజుకి ఇంటికొచ్చాక మిగతా రోజులు ఆ మాత్రలు వేసింది మావారే. రాత్రి పదింటికి, రెండింటికి, ఆరింటికి. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచేవారు. మాత్రలు అయిపోయాయి గానీ ఆ రెండు గంటల మెలకువ ఆయన్ని వదల్లేదు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, అలవాటు పడితే అలా పడతారు.

48 ఏళ్ళకి నాకు నెలసరి పూర్తిగా ఆగిపోయింది. మన దేశంలో ఆడవాళ్ళకి సగటున 46-47 ఏళ్ళకే ఆగిపోతుంది, పడమటి దేశాల్లో 51 దాకా వస్తుంది. కాబట్టి నాది తొందరేం కాదు. కానీ ఆగాక మొదలయ్యాయి ఆవిర్లు. అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొట్టలోంచి ఒక సెగ లేచి ఛాతీ మీదుగా మెడ, చెవులు, మాడు దాకా పాకుతుంది. పొయ్యిలో ఎవరో పుల్ల ఎగదోసినట్టు. గుండె దడదడలాడుతుంది. రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోతుంది, ఆ వెంటనే చలి. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రిపూట ఆరుసార్లు, ఏడుసార్లు లేచి కూర్చోవడం. నేను లేచానంటే మావారు లేస్తారు. లైటు వేస్తారు. "తలనొప్పా?" అంటారు. కాదండీ, ఆవిరి. "నిజంగా తలనొప్పి కాదుగా?" కాదండీ. రెండు చేతులూ పైకెత్తమంటారు, ఎత్తుతాను. అప్పుడు ఫ్యాను పెంచుతారు. ఇలా రెండేళ్ళు.

అత్తయ్యగారికి 78. మొదట్లో ఆవిడ "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయే, ముట్లుడిగితే పీడా వదిలిందనుకున్నాం" అని తీసిపారేశారు. ఒకరోజు కూర తరుగుతూ ఉన్నట్టుండి ఆవిడే మొదలుపెట్టారు. "నేను అర్ధరాత్రి నుయ్యి దగ్గరికెళ్ళి నాలుగు చేదలు నెత్తిన పోసుకొచ్చేదాన్ని. తడిచీరతోనే అరుగుమీద పడుకునేదాన్ని. మీ మావయ్యగారు నాకేదో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నాలుగేళ్ళు మొయ్యలేదూ ఆ తాయెత్తు!" అన్నారు. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. పీడా వదిలిందన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట మళ్ళీ వినలేదు.

డాక్టరమ్మల దగ్గరికి వెళ్ళాను. మొదట చూపించుకున్నావిడ నా ఫైలు తెరిచి, "హెమరేజా? అయితే మీకు హార్మోన్లు కుదరవమ్మా" అని మూసేసింది. కాటన్ చీరలు కట్టుకోమంది, కాఫీ తగ్గించమంది. కాటనే కట్టుకుంటున్నాను తల్లీ. సోయా తిన్నాను, అవిసెగింజల పొడి మజ్జిగలో కలుపుకుని తాగాను. పెద్ద తేడా కనపడలేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన "పూర్తిగా సహజమైన" చూర్ణం మాత్రం ముట్టుకోలేదు. అందులో ఏముందో రాయని డబ్బా నా తలకి పెట్టే ధైర్యం నాకు లేదు.

ఏటా చూపించుకునే న్యూరో డాక్టరుగారిని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "హెమరేజ్ అంటే ఏ హెమరేజ్? దేనివల్ల?" నాకు అప్పుడు కళ్ళు తెరుచుకున్నట్టయింది. మనం అందరికీ కలిపి ఒకే మాట వాడతాం. బీపీ ఎక్కువై మెదడు లోపల నాళం పగిలేది ఒకటి. నాలాగా బుడగ పగిలి మెదడు చుట్టూ రక్తం చేరేది ఒకటి. పుట్టుకతోనే నాళాలు చిక్కుపడి ఉండి పగిలేది ఇంకొకటి. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయే పక్షవాతం పూర్తిగా వేరే. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టేసి "తలకి వచ్చింది కదా, వద్దు" అంటాం. బుడగ మూసుకుందా లేదా, ఇంకెక్కడైనా కొత్తది ఉందా, బీపీ అదుపులో ఉందా, ఈ మూడూ చూడకుండా అవుననీ అనను, కాదనీ అనను అన్నారాయన.

ఆయనే ఇంకోటి కూడా చేయించారు. హార్మోన్ అనగానే మనకి ఆడ హార్మోనే గుర్తొస్తుంది కానీ, ఇలా రక్తస్రావం అయినవాళ్ళలో కొందరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుందట. అప్పుడు థైరాయిడ్, కార్టిసాల్ లాంటివి తగ్గి, నీరసం, నిద్రమత్తు, బరువు మార్పులు వస్తాయి. మనం వాటిని "అంత జబ్బు చేసింది కదా, నీరసం ఉండదూ" అని వదిలేస్తాం, లేకపోతే మెనోపాజ్ ఖాతాలో వేసేస్తాం. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయించి కార్టిసాలు, దానితో పాటు థైరాయిడ్ చూశారు. నాకు రెండూ బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చి వెళ్ళి, నీరసం ఎంతకీ తగ్గకపోతే ఈ పరీక్షల సంగతి ఒకసారి అడగండి.

రెండో గైనకాలజిస్టు మా అమ్మాయి ఈడుది. తొందరపడకుండా గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది. హార్మోన్లంటే లోకమంతా భయపడ్డానికి కారణం 2002లో అమెరికాలో మధ్యలోనే ఆపేసిన ఒక పెద్ద పరిశోధనట, విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని. గర్భసంచి ఉన్న 16,608 మంది ఆడవాళ్ళు, 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళు, సగటున 63 ఏళ్ళు. అంటే ముట్లుడిగి పదేళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకిచ్చింది నోటి మాత్ర, అందులో ఈస్ట్రోజెన్ గర్భంతో ఉన్న ఆడగుర్రాల మూత్రంలోంచి తీసినది. (అత్తయ్యగారికి ఈ ముక్క చెప్పలేదు. చెప్తే ఇక ఆ మందు ఇంటి గడప తొక్కదు.) పదివేలమందిని ఏడాదిపాటు చూస్తే, మందు వాడనివాళ్ళలో 21 మందికి పక్షవాతం వస్తే వాడినవాళ్ళలో 29 మందికి వచ్చింది. రొమ్ము క్యాన్సరు కూడా పదివేలకి ఎనిమిది పెరిగింది. తుంటి ఎముక విరగడం ఐదు తగ్గింది. ఆ పెరిగిన పక్షవాతాలు రక్తం గడ్డకట్టే రకం. రక్తస్రావం రకం పెరిగినట్టు అందులో తేలలేదు.

"అయితే నాకేం భయం లేదన్నమాట" అన్నాను ఉత్సాహంగా.

"అంత తొందరొద్దు ఆంటీ" అంది. నాలాంటి బుడగ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ, అదీ యాభై దాటాక. ఈస్ట్రోజెన్ తగ్గాక నాళాల గోడలు బలహీనపడతాయేమోనని డాక్టర్ల అనుమానం. అలాగని బయటినుంచి హార్మోన్ ఇస్తే ఆ బలం తిరిగొస్తుందా అంటే, కొన్ని అధ్యయనాలు మంచిదన్నాయి, కొన్ని ఇలాంటి రక్తస్రావం హార్మోన్లు వాడేవాళ్ళలోనే ఎక్కువన్నాయి. ఒకసారి పగిలి, కాయిల్ వేయించుకున్న ఆడవాళ్ళ మీద ప్రత్యేకంగా చేసిన పెద్ద పరిశోధన ఏదీ తన చేతిలో లేదని నిజాయితీగా చెప్పింది. నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఆమె చెప్పినవాటిలో నా మనసుకి పట్టింది ఒకటుంది. మందు నోట్లోంచి వెళ్తే ముందు లివర్‌కి వెళ్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలు పెరుగుతాయి. చర్మం మీద జెల్‌గా రాసుకుంటే ఆ దారి తప్పుతుంది. తక్కువ మోతాదు జెల్‌తో, ప్యాచ్‌తో పక్షవాతం ముప్పు పెరిగినట్టు ఇప్పటివరకు కనపడలేదట. గర్భసంచి ఉన్నవాళ్ళు దానితోపాటు ప్రొజెస్టిరోన్ కూడా వాడి తీరాలి, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సరుకి దారితీస్తుంది. గర్భసంచి తీసేసినవాళ్ళకి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

ఇక్కడ ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. మా పెద్దాడపడుచుకి 34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు, దానితోపాటు అండాశయాలు కూడా. తెల్లవాటం, నడుంనొప్పి అని వెళ్ళింది. అండాశయాలు తీసేస్తే హార్మోన్ మెల్లగా తగ్గడం ఉండదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిడకి ఆ వయసులో ఎవరూ హార్మోన్ ఇవ్వలేదు, కనీసం మాటవరసకి కూడా చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు, మన ఆంధ్రాలో ఎనిమిది, తొమ్మిది మంది. అవసరంలేనివాళ్ళకి కోసెయ్యడానికి లేని భయం, అవసరమైనవాళ్ళకి మందు రాయడానికి ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

మనం పైకి చెప్పుకోని సంగతి కూడా ఆ అమ్మాయే అడిగింది. పొడిబారడం, మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్. దానికి లోపల రాసుకునే క్రీము ఉందట. మోతాదు చాలా తక్కువ, రక్తంలో కలిసేది నామమాత్రం. నాలాంటివాళ్ళు కూడా డాక్టరుకి చెప్పి వాడుకోవచ్చంది. ఈ ముక్క రెండేళ్ళ ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ముందు హార్మోన్ లేని మందులే చూద్దామని ముగ్గురం అనుకున్నాం. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రలు కొన్ని తక్కువ మోతాదులో ఆవిర్లకి పనిచేస్తాయి, కానీ వాటిలో కొన్నిటికి బీపీ పెంచే గుణం, కొన్నిటికి రక్తస్రావం వైపు కొద్దిగా మొగ్గు ఉన్నాయని పక్కనపెట్టారు. గాబాపెంటిన్ రాశారు, రాత్రి పడుకునేముందు. మూడు నెలలు వాడాను. ఏడు ఆవిర్లు మూడయ్యాయి. బాగానే ఉందిగా అంటారు. కానీ పొద్దున పదకొండు దాకా తల దిమ్ముగా ఉండేది. మామూలు మనిషికైతే అదో చిన్న ఇబ్బంది. నాకు అలా కాదు. హెమరేజ్ తర్వాత నేను రోజూ పొద్దున లేవగానే మంచం మీదే పదిహేడో ఎక్కం అప్పజెప్పుకుంటాను, నా తల నాదేనా అని చూసుకోవడానికి. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి, మీకే చెప్తున్నాను. ఆ మూడు నెలల్లో చాలా పొద్దుల్లో పదిహేడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయేదాన్ని. పక్కన పడుకున్న మనిషికి వినపడకుండా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని. ఆవిర్లకంటే ఆ ఆగిపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు అన్నాను ఇంట్లో, హార్మోన్ జెల్ వాడాలనుందని.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో ఉంది. "అమ్మా, చెమట పడుతుందని ప్రాణం మీదకి తెచ్చుకుంటావా?" అంది. మావారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు. ఆ రోజు పొద్దున పోసిన మొక్కలకే.

నాకు కోపం వచ్చింది. రెండేళ్ళు నిద్రలేనిది నేను, చీరలు తడుపుకుంటున్నది నేను, ఎక్కం మర్చిపోతున్నది నేను. చెమటట! రాత్రి ఆయన దగ్గరికెళ్ళి గట్టిగానే అడిగాను, "నా ఒంటి సంగతి నేను తేల్చుకోకూడదా?" అని. ఆయన చాలాసేపటికి చెప్పారు. ఐసీయూ బయట మూడో రోజు రాత్రి సెక్యూరిటీ అతను ఒక సంచీ తెచ్చి ఇచ్చాడట. అందులో నా గాజులు, మట్టెలు, మంగళసూత్రం. స్కానింగుకి తీసేశారు. ఎందుకు ఇస్తున్నారో ఎవరూ చెప్పలేదు. ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నారట. "నీకు ఆ రాత్రి లేదు. నాకుంది" అన్నారు.

నాలుగేళ్ళలో ఆ సంచీ గురించి వినడం అదే మొదలు.

నాకు ధైర్యం ఎక్కువని నేను అనుకుంటున్నాను. నిజానికి నాకు గుర్తులేదు, అంతే. గుర్తున్నవాళ్ళు భయపడుతున్నారు. అలాగని వాళ్ళ జ్ఞాపకానికి నా నిద్ర మొత్తం ఇచ్చెయ్యలేను కదా. ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఎమ్మారై యాంజియోగ్రామ్‌లో బుడగ పూర్తిగా మూసుకుని ఉండాలి, కొత్తది కనపడకూడదు. బీపీ నెలరోజులు 130/80 దాటకూడదు. మామోగ్రామ్ బాగుండాలి. న్యూరో, గైనిక్ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒప్పుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా నేను మళ్ళీ ఎత్తను. అన్నీ సరిగ్గా ఉంటే ఆయన మొక్కలకి రెండోసారి నీళ్ళు పొయ్యకూడదు. ఆ ఆఖరి షరతు నాది.

ఎమ్మారైలో తలకాయ పెట్టినప్పుడు ప్లాటినం లాగేస్తుందేమోనని అత్తయ్యగారి బెంగ. లాగదండీ, ప్లాటినానికి అయస్కాంతంతో పనిలేదు. బుడగ మూసుకునే ఉంది. మిగతావీ సరిపోయాయి. అయినా గైనిక్ అమ్మాయి మళ్ళీ అడిగింది, "ముప్పు సున్నా అని నేను రాసివ్వలేను ఆంటీ, తెలుసుగా?" తెలుసన్నాను. మావారు పక్కనే కూర్చుని, తనకీ తెలుసన్నారు.

జెల్ మొదలుపెట్టి పది వారాలైంది. అతి తక్కువ మోతాదు, పొద్దున స్నానం చేశాక చేతికి రాసుకుని ఆరేదాకా జాకెట్టు తొడుక్కోకుండా కూర్చోవాలి. రాత్రికి ప్రొజెస్టిరోన్ గుళిక. దానికి కాస్త నిద్ర తెప్పించే గుణం కూడా ఉందట, నా అదృష్టం. మొదటి నెల రొమ్ములు సలిపాయి, రెండుమూడు రోజులు చుక్కలు కనపడ్డాయి, ఫోన్ చేసి చెప్పాను. మోకాళ్ళ నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. బీపీ పుస్తకం మావారిది. ఆదివారం, బుధవారం కొలిచి, బ్యాంకు లెడ్జరులా ఎర్రగీత కొట్టి రాస్తారు. ఒక్కసారిగా తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, కాలు వాచినా ఏం చెయ్యాలో ఫ్రిజ్ మీద అంటించారు. ఆరు నెలలకి మళ్ళీ చూసి, ఉంచాలో మానాలో అనుకుంటాం.

రాత్రికి ఒక ఆవిరి వస్తోంది, కొన్ని రాత్రులు అదీ లేదు. మందు చలవో, లేక వాటంతటవే తగ్గే రోజులు వచ్చాయో, రెండూనో! పదిహేడో ఎక్కం చివరిదాకా వస్తోంది.

మావారు మాత్రం రెండింటికి లేస్తూనే ఉన్నారట. నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూసి, ఫ్యాను ఒక పాయింటు తగ్గించి పడుకుంటున్నారట. అమ్మాయితో చెప్తుంటే విన్నాను. నాకైతే తెలీదు, ఆ వేళకి నేను నిద్రలో ఉంటున్నాను.